అంబలి కందకం

తూర్పున పొద్దు బారెడు పైకెక్కేసరికి మూడు పిండిబండ్లు నిశ్చలదుర్గం ఎదుటి ఒడ్డున వచ్చి ఆగాయి. దుర్గాన్ని చూడగానే ఎద్దులు ముట్టెలు పైకెత్తి, రంకె వేసి, వెనక్కి తగ్గాయి.

వాటి భయంలో తప్పేమీ లేదు. ఏడు తాటిచెట్ల ఎత్తున లేచిన నల్లరాతి ప్రాకారాలు, వాటి మీద వరుసగా రెక్కలు ముడిచి కూర్చున్న రాతి గండభేరుండాలు, నడుమ ఆకాశాన్ని పొడుస్తున్నట్టున్న తెల్లటి మేడ, మేడ కొసన ఎండకు నిప్పులా మెరిసే స్ఫటిక కలశం. అంత గాలి వీస్తున్నా బురుజుల మీది పతాకాల్లో ఒక్కటి కూడా రెపరెపలాడడం లేదు. ఆ కోటలో ఏదీ కదలకూడదని దాన్ని ఏలే మాంత్రికుడు స్తంభకేతుడి ఆన.

కోట చుట్టూ కందకం ఉంది. కానీ అందులో నీళ్ళు లేవు. అరవై బారల వెడల్పున, ఏనుగు మునిగేంత లోతున, తెల్లగా, చిక్కగా, ఆవిర్లు కక్కుతూ ఉన్నది అంబలి. కందకం అడుగున అక్కడక్కడ ఉడుకు ఊటలున్నాయి. చుట్టుపట్ల నలభై ఊళ్ళవాళ్ళు నెలనెలా తమ పంటను పిండి కొట్టి, బండ్ల మీద తెచ్చి, ఒడ్డు మీది రాతి తూములో కుమ్మరించి పోవాలి. ఊటల వేడికి అది ఉడికి జిగురై కూర్చుంటుంది. ఈదబోయినవాడు అందులో ఈగలా అంటుకుపోతాడు. నాలుగు రోజుల కింద మరకతగిరి సైనికులు ఉత్తరపు వైపు నుంచి తెప్ప వేశారు. పది బారలు పోయాక తెప్ప ముందుకూ రాలేదు, వెనక్కీ రాలేదు. చివరికి మనుషుల్ని మోకులు విసిరి లాగవలసి వచ్చింది.

మొదటి బండి తోలుతున్న ముతక తలపాగా యువకుడు కూలివాడు కాదు. మరకతగిరి యువరాజు రత్నాంగదుడు. రెండో బండి మీద, కోరమీసాలు కిందికి దువ్వుకుని, మొహానికి మసి రాసుకుని కూర్చున్నవాడు సేనానాయకుడు సింగమనాయకుడు. మూడో బండిని తోలుకొచ్చిన మనిషికి మాత్రం వేషం అక్కర్లేకపోయింది. ఆమె పేరు చెంగల్వ. పదేళ్ళుగా సైన్యానికి అంబలి కాస్తున్నది. ఎక్కడికి వెళ్ళినా ఆమె వంటమనిషిలానే ఉంటుంది, ఎందుకంటే వంటమనిషే గనుక.

ముగ్గురూ వచ్చిన పని ఒక్కటే. పదిహేడు రోజుల కింద స్తంభకేతుడు వేటవిడిది నుంచి రాజు చిత్రభానుణ్ణి ఎత్తుకుపోయాడు. వాడి శాపానికి ఆయన ఒళ్ళు రాయిగా మారుతున్నది. పాదాల దగ్గర మొదలైన ఆ రాయి రోజుకింత చొప్పున పైకి పాకుతున్నది. నిన్న పిండి దించి వచ్చిన రైతులు మేడ మీద ఆయన్ని దూరం నుంచి చూసి, పొట్ట దాకా వచ్చిందని కబురు చెప్పారు. ఈ రోజు పొద్దు గుంకేలోపు అది గొంతుకు చేరుతుంది.

"చెంగల్వా, నువ్వు చెప్పింది నిజంగా జరుగుతుందా?" అన్నాడు రత్నాంగదుడు, ఎద్దుల పలుపులు విప్పుతూ. "సైనికుల తెప్పతో కానిది, గుప్పెడు రాగిపిండితో అవుతుందా?"

"ఉత్త రాగిపిండి కాదు దొరా, మొలకపిండి" అంది చెంగల్వ. "దెబ్బలు తగిలినవాళ్ళకి చిక్కటి అంబలి మింగుడు పడదు. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి చిటికెడు వేసి కలిపితే చాలు, గరిటె నిలబడే అంబలి నీళ్ళలా జారిపోతుంది. పదేళ్ళుగా చూస్తున్నాను. అయితే అది ఎప్పుడు త్వరగా జరుగుతుందో, ఎప్పుడు జరగదో ఇక్కడి అంబలితోనే చూసుకోవాలి."

మధ్యాహ్నం గంట మోగితే స్తంభకేతుడు యోగనిద్రలోకి పోతాడు. మేడ నీడ తూర్పు ప్రాకారం దాటే వేళకు లేస్తాడు. వాళ్ళకు దొరికే అదను అంతే. అప్పటిదాకా పిండి తెచ్చినవాళ్ళు ఒడ్డున వండుకుని తినడం మామూలే కాబట్టి, చెంగల్వ పొయ్యి రాజేసినా ఎవరికీ అనుమానం రాలేదు.

ఆమె పొడుగు కాడ గరిటెతో కందకంలోంచి అంబలి తోడి నాలుగు సట్టుల్లో పోసింది. ఒక సట్టిని పొయ్యి మీద తెర్లనిచ్చింది. ఒకదాన్ని తడి ఇసుకలో పాతి చల్లార్చింది. మిగిలిన రెండింటినీ నిప్పుల పక్కన, వేలు పెడితే ఓర్చుకోగలిగే వేడిలో ఉంచింది. మొదటి మూడింటిలో తలా చిటికెడు మొలకపిండి వేసింది. నాలుగోదాంట్లో దంచని మొలక రాగుల్నే అంతే కొలతలో వేసింది. తరువాత గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, సట్టుల వంక చూస్తూ ఊరుకుంది.

"పూజ చేస్తున్నావా?" అన్నాడు సింగమనాయకుడు.

"కాసేపు మాట్లాడకండి నాయకా. లెక్కపెడుతున్నాను."

నూరు లెక్కపెట్టేసరికి ఓర్చుకునే వేడిలో ఉన్న సట్టిలో గరిటె పక్కకి ఒరిగింది. మూడు వందలకి అంబలి పాలలా పలచనైంది. ఇసుకలోని సట్టి అప్పటికి అంచుల్లో మాత్రమే కాస్త చెమ్మగిల్లింది. దంచని రాగుల సట్టిలో గింజ చుట్టూ గింజంత మేర జారింది, అంతే. తెర్లిన సట్టి మాత్రం మొదట ఎలా ఉందో అలానే, గట్టిగా, మూగగా ఉండిపోయింది.

"చూశారా నాయకా" అంది చెంగల్వ. "వేడి తగిలితే పని జోరందుకుంటుంది. చలి తగిలితే నత్తనడక. కానీ మరీ మరిగితే మొలకలోని సత్తువే చచ్చిపోతుంది. ఇక గింజ గింజగా ఉంటే లోపలిది లోపలే ఉండిపోతుంది. మెత్తగా ఉంటే ప్రతి రేణువూ అంబలిని తాకుతుంది."

సింగమనాయకుడు గడ్డం నిమురుకున్నాడు. "మా పదాతిదళం కూడా అంతే. కోటలో గుంపుగా కూర్చుంటే ఎవడూ యుద్ధం చెయ్యడు."

ఆ మాటల్లో సగమే ఎద్దులకు గడ్డి వేసి వస్తున్న రత్నాంగదుడి చెవిన పడింది. వేడి తగిలితే జోరందుకుంటుంది అన్న సగం.

కోటలో కంచుగంట మోగింది. ఆ మోత చివరి తీగ ఇంకా గాలిలో ఉండగానే రత్నాంగదుడు బండి మీది మొలకపిండి బస్తాను భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఒడ్డుకు దగ్గరలో అంబలి కుతకుతలాడుతూ పెద్దపెద్ద బుడగలు లేస్తున్న చోటొకటి ఉంది, సరిగ్గా ఊట మీద. అతడు బస్తా మూతి విప్పి మొత్తం అందులో గుమ్మరించాడు.

"దొరా, అక్కడ కాదు!" అని చెంగల్వ అరుస్తూనే ఉంది.

పిండి ఒక్క ఉడుకులో మునిగింది. బుడగలు లేచాయి, పగిలాయి, మళ్ళీ లేచాయి. అంబలి చిక్కదనం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

మరిగితే సత్తువ చచ్చిపోతుందన్న మిగతా సగం సింగమనాయకుడు చెప్పాక రత్నాంగదుడి మొహం పాలిపోయింది. ఖాళీ బస్తా చేతిలోంచి జారింది. "మా నాన్నగారి ప్రాణం ఇందులో పోశాను" అన్నాడు.

చెంగల్వ కొంగు నడుముకు బిగించింది. గొంతు పెంచలేదు. "ఇంకో అర బస్తా మొలక రాగులున్నాయి, విసరాల్సినవి. తిరగలి మూడో బండిలో ఉంది. దించండి."

మరకతగిరి యువరాజూ, పన్నెండు యుద్ధాలు గెలిచిన సేనానాయకుడూ తిరగలికి ఇటొకరు అటొకరు కూర్చున్నారు. ఇద్దరికీ ఆ పని కొత్త. ముందు గింజలు సగం పక్కకి చిందాయి. తరువాత పిడిని ఒకరు లాగితే ఒకరు తోశారు. చెంగల్వ రాలిన పిండిని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది రవ్వ నాయకా. మళ్ళీ పొయ్యండి. కాటుకలా ఉండాలి."

"నా భుజాలు ఊడిపోతున్నాయి తల్లీ."

"ఊడిపోయేలోపు ఇంకో వాయి."

చెమటలు కారుతుండగా మూడు వాయిలు విసిరారు. చెంగల్వ ఆ పిండిని నాలుగు కడవల గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఒడ్డు వెంబడి నడుస్తూ ప్రతి పది అడుగులకూ వంగి అంబలిలో చెయ్యి పెట్టి చూసింది. ఒకచోట పెట్టీ పెట్టకముందే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంకోచోట అసలు వేడే తెలియలేదు. రెండు ఊటలకూ నడుమ ఒకచోట పది లెక్కపెట్టే దాకా చెయ్యి ఉంచగలిగింది. పదకొండోది లెక్కపెట్టలేకపోయింది.

"ఇక్కడ" అంది.

కడవలోని పిండినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఉంటే రత్నాంగదుడు వెదురు గడతో కలిపాడు. గడ కదలనంది. అతడు పళ్ళు బిగించి బలమంతా పెట్టి తిప్పాడు. ఊరికే పోసి వదిలేస్తే పిండినీళ్ళు పైన తేలి ఊరుకుంటాయి. తిప్పిన కొద్దీ కొత్త అంబలి కిందినుంచి వచ్చి దాన్ని తాకుతుంది. కాసేపటికి గడ ఒక్కసారిగా తేలికైంది. అతడు ముందుకు తూలి ఒడ్డు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అంబలి మీది మీగడ చిట్లి, ముడతలు పడి, లోపలికి కుంగింది. దాని కింద సన్నటి తెల్లనీళ్ళు మెరిశాయి. తీయటి వాసన గుప్పుమంది, బెల్లం పాకంలాంటి వాసన. ఎక్కడినుంచో తేనెటీగలు వచ్చి ముసిరాయి.

బండ్ల చక్రాలు ఊడదీసి, రెండు బండ్ల పలకలను వంటకు తెచ్చుకున్న ఖాళీ కడవల మీద కట్టి, తెప్ప వేశారు. చెంగల్వ ముందు కూర్చుని పిండినీళ్ళు పోస్తూ ఉంటే, మగవాళ్ళిద్దరూ కలుపుతూ, తోస్తూ, తెప్ప వెడల్పున ఒక కాలువ చేసుకుంటూ ముందుకు పోయారు. పది బారలు. ఇరవై. ముప్పై. యాభై. సైనికుల తెప్ప నిలిచిపోయినంత దూరానికి అయిదింతలు దాటిపోయారు.

అక్కడ ప్రాకారపు నీడ మొదలైంది.

ఏళ్ళ తరబడి ఎండ తగలని ఆ మేరన కందకం చల్లబడి, జున్నులా గడ్డకట్టి ఉంది. చివరి కడవ పోసినా గడ దిగలేదు. తెప్ప ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసిన సింగమనాయకుడు ఊపిరి బిగబట్టాడు. కాలువకు రెండు పక్కలా నిలిచిన అంబలి గోడలు నెమ్మదిగా, బద్ధకంగా లోపలికి ఒరుగుతున్నాయి. కొంతసేపటిలో ముందూ వెనుకా మూసుకుపోతుంది.

"పిండి అయిపోయింది" అన్నాడు రత్నాంగదుడు. "నేను పారబోసింది ఉండి ఉంటే..."

చెంగల్వ తెప్ప వెనుక పారుతున్న పలచటి నీళ్ళను దోసిట్లోకి తీసుకుని చూసింది. చప్పరించింది. ఆమె మొహంలో ఏదో వెలిగింది.

"పిండి అయిపోయింది గానీ దాని పని అయిపోలేదు దొరా. ఇది అంబలిని తినెయ్యదు, కరిగించి ఇంకోదాని మీదికి పోతుంది. మనం పోసింది మొత్తం ఈ నీళ్ళలోనే ఉంది. వెనుకనుంచి తోడి ముందు పొయ్యండి."

"ఈ చల్లదనానికి పని చేస్తుందా? ఇసుకలో పెట్టిన సట్టి సంగతో?" అన్నాడు సింగమనాయకుడు.

"అందుకే వేడి కావాలి. అదిగో, కుడిచేతి పక్క బుడగలు."

గడ అందేంత దూరంలో ఒక ఊట కుతకుతలాడుతున్నది. రత్నాంగదుడు తెప్ప అంచున బోర్లా పడుకున్నాడు. సింగమనాయకుడు అతడి కాళ్ళ మీద కూర్చున్నాడు. గడ చివర కట్టిన బుంగతో మరిగే అంబలి తోడి ముందున్న గడ్డల మీద పోశారు. చెయ్యి కాలింది. అయినా ఆగలేదు. చెంగల్వ గడ్డల్లో చెయ్యి ముంచి చూస్తూ, "ఇంకో బుంగ... ఇంకోటి... చాలు, ఇక పోస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అని ఆపింది. ఓర్చుకునే వేడి వచ్చాక వెనుకటి పలచటి నీళ్ళు తోడి పోసి కలిపింది.

వెనుక అంబలి గోడలు తెప్పను ముట్టుకున్నాయి. ఒక కడవ పటుక్కున పగిలింది. తెప్ప ఒక పక్కకి ఒరిగి సింగమనాయకుడి కాలు మోకాటి దాకా దిగబడింది. అదే క్షణాన ముందున్న గడ్డ నడిమికి చీలి, కరిగి, పక్కకి తప్పుకుంది. రత్నాంగదుడు ఒక్క తోపు తోశాడు. తెప్ప జారి, వెళ్ళి ప్రాకారపు మెట్లను ఢీకొంది. సింగమనాయకుణ్ణి చంకల కింద చేతులు వేసి లాగితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"పోనివ్వండి" అన్నాడాయన, ఒంటి చెప్పుతో మెట్లెక్కుతూ.

కావలివాళ్ళు ఒక్కరూ ఎదురు పడలేదు. కందకం మీద స్తంభకేతుడికి అంత నమ్మకం. మూడు వాకిళ్ళు, ఒక రాతిబావి ఉన్న పెరడు, మెలికలు తిరిగిన నూట ఎనిమిది మెట్లు దాటి మేడ పైకి చేరారు. నెత్తిన నిప్పులు కురుస్తున్నట్టుంది ఎండ. కాలు మోపలేనంతగా కాలిన నల్లరాతి పలకల నడుమ, నీడ జాడ లేనిచోట, రాజు చిత్రభానుడు నిలబడి ఉన్నాడు. రొమ్ము దాకా బూడిదరంగు రాయి. ఆ పైన మనిషి. పెదవులు పగిలి ఉన్నాయి.

"నాన్నగారూ!"

రాజు కళ్ళు తెరిచి, తలపాగా చుట్టుకున్న కొడుకుని గుర్తుపట్టి, నవ్వబోయాడు. "వచ్చావా నాయనా. దగ్గరికి రాకు, కాళ్ళు కాలతాయి." తరువాత అతడి వెనుక చూశాడు. "ఆ అమ్మాయి ఎవరు?"

"సైన్యానికి అంబలి కాసేదాన్ని ప్రభూ." చెంగల్వ అప్పటికే ఆయన రొమ్ము దగ్గర వంగి చూస్తున్నది. రాయికీ చర్మానికీ నడుమ సన్నటి అంచు. ఆమె పొయ్యిబొగ్గు ముక్కతో ఆ అంచు మీద గీత గీసింది. ముప్పై లెక్కపెట్టేలోపే బూడిదరంగు ఆ గీతను మింగేసింది.

"ఈ శాపానికి విరుగుడేమిటి?" అన్నాడు రత్నాంగదుడు. "కత్తితో చెక్కేద్దామా? మంత్రమేదైనా..."

"విరుగుడు నాకు తెలియదు దొరా." ఆమె రాజు వైపు తిరిగింది. "ప్రభూ, ఒక్క మాట. ఇది రాత్రిపూట కూడా ఇంత త్వరగానే పాకుతుందా?"

రాజు ఆలోచించాడు. "లేదమ్మా. మొదటి పది రోజులు నన్ను నేలమాళిగలో ఉంచాడు. మోకాలు దాటడానికే ఆ పది రోజులూ పట్టింది. వాడికి విసుగొచ్చినట్టుంది. తెచ్చి ఈ ఎండలో నిలబెట్టాడు. అప్పటినుంచి పరుగే. పొద్దు వాలితే కాస్త నెమ్మదిస్తుంది."

చెంగల్వ నిట్టూర్చింది. అది దిగులు నిట్టూర్పు కాదు. "అయితే దీన్ని ఆపలేకపోయినా, నడక తగ్గించొచ్చు. నాయకా, పెరట్లో బావి ఉంది. దొరా, మీ తలపాగా విప్పండి."

సింగమనాయకుడు ఒంటి చెప్పుతోనే నూట ఎనిమిది మెట్లూ నాలుగు విడతలు దిగి, విడతకు రెండు కడవల నీళ్ళతో ఎక్కి వచ్చాడు. బావినీళ్ళు మంచులా ఉన్నాయి. తలపాగా గుడ్డ తడిపి రాజు మెడ చుట్టూ, భుజాల చుట్టూ, రొమ్ము అంచున చుట్టారు. పైన ఆమె పైబట్టను వెంట తెచ్చిన రెండు తెప్ప గడలకు కట్టి నీడ పట్టారు. కడవలతో నీళ్ళు కుమ్మరించారు. వేడెక్కిన పలకల మీద మొదటి కడవ సుయ్‌మని ఆవిరైంది. రెండోది కాస్త నిలిచింది. నాలుగో కడవకు రాయి మీద చెయ్యి పెట్టగలిగారు. ఆరో కడవకు అది చల్లబడింది.

చెంగల్వ బొగ్గుతో కొత్త గీత గీసింది. ముప్పై లెక్కపెట్టింది. అరవై. నూరు. రెండు వందలు. గీత గీసినచోటే ఉంది, నల్లగా, చెక్కుచెదరకుండా.

రాజు చిత్రభానుడు కళ్ళు మూసుకున్నాడు. ఆయన పగిలిన పెదవుల మీద ఒక నీటిబొట్టు నిలిచి, జారింది. "ఈ ఎండలోకి తెచ్చినప్పటినుంచి నొప్పి లేని క్షణం ఇదే" అన్నాడు మెల్లగా.

అప్పుడే మేడ నీడ తూర్పు ప్రాకారాన్ని దాటింది. కింద ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. రాతిమెట్ల మీద పావుకోళ్ళ చప్పుడు, టక్కు టక్కుమని, ఏ తొందరా లేకుండా, పైకి రావడం మొదలైంది.

రత్నాంగదుడు పిండిబస్తాలో దాచి తెచ్చిన కత్తిని దూసి మెట్ల మొగదలకు వెళ్ళి నిలబడ్డాడు. చెంగల్వ తల తిప్పి చూడలేదు. రాజు భుజం మీది గుడ్డను వేలితో తాకి చూసింది.

"ఆరిపోతోంది నాయకా" అంది. "ఇంకో కడవ పొయ్యండి."